మూడో మడిలో నూగు

రేవతి కార్తె, సోమవారం

మడుల గదిలో పనిచేసే ప్రతి మనిషీ రోజువారీ నమోదు రాయాలని పై అంతస్తు నుంచి ఉత్తర్వు వచ్చింది. రాసింది యంత్రం చదువుతుందట. దానికి కావలసినవి నీళ్ళెన్ని పోశాం, వేడి ఎంత ఉంది, ఆకు ఎంత కోశాం అన్న మూడు ముక్కలే. మిగతాదంతా పొట్టు చెరిగినట్టు చెరిగి పారేస్తుందని మా ఆయన శేషు చెప్పాడు. ఆయనది తలుపుల ఆఫీసులో ఉద్యోగం కాబట్టి యంత్రాల సంగతులు తెలుస్తాయి. నాకిది మంచిదే. ఎవరూ చదవని చోట నిజం రాయడానికి భయమెందుకు.

నా పేరు మంగతాయారు. నాలుగో అంతస్తులో దీపాల కింద తోటకూర, గోంగూర, బచ్చలి పెంచుతాను. బయట ఎండలో ఇప్పుడు గడ్డిపరక కూడా మొలవదు. ఊరు ఊరంతా ఈ కట్టడం లోపలే ఉంది. లోపలున్నా సరే, చలవ చుక్కలు వేసుకోని మనిషి వేసవి దాటడం కష్టం. రోజూ పొద్దున్నే నాలుక మీద వేసుకోవాలి. మండలం పాటు, అంటే నలభై రోజులు, మానకుండా వేసుకుంటే గానీ ఒంటికి పట్టవు.

ఆ చుక్కలు ప్రాణం కాపాడతాయి. ఆడదానికైతే గడ్డం కూడా మొలిపిస్తాయి. మొదటి సంగతి సీసా మీద రాసి ఉంటుంది. రెండోది ఎక్కడా రాయలేదు.

గడ్డం మొలిస్తే మొలిచింది, పోనీ అనుకోవడానికి లేదు. మా స్నానాల గది, నీళ్ళ కుళాయిలు, కాన్పుల గది అన్నీ ఆడవాళ్ళ వైపు ఉన్నాయి. అక్కడికి పోవాలంటే ద్వారం మన మొహం చూసి ఒప్పుకోవాలి. నున్నగా ఉంటే 'రండమ్మా' అంటుంది. చుబుకం మీద నీడ కనిపించిందంటే 'క్షమించండి అయ్యా, ఇది మహిళల వైపు' అంటుంది. వెనక వరసలో ఉన్నవాళ్ళందరూ వింటారు. నాకలా ఒకసారి అయింది. ఆ రోజంతా అన్నం సయించలేదు.

అందుకే ఊళ్ళో ఆడవాళ్ళం మగవాళ్ళు లేవకముందే లేస్తాం. కొందరిది దారం. కొందరిది పంచదార, నిమ్మరసం కాచిన పాకం. రేషన్‌లో ఇచ్చే తెల్ల లేపనం ఒకటుంది, వెంట్రుకతో పాటు తోలు కూడా ఊడుతుంది. బ్లేడు సంగతి ఎవరూ ఒప్పుకోరు గానీ అందరి పరుపుల కిందా ఒకటి ఉంటుంది. ఎంత చేసుకున్నా మధ్యాహ్నానికి మళ్ళీ గరుకు తేలుతుంది. ద్వారం దగ్గర పనులన్నీ పొద్దున్నే ముగించుకుంటాం. ఎదురుపడితే మాత్రం 'మీకేంటండీ, అద్దంలాంటి మొహం' అని ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకుంటాం.

నా కూతురు హైమకు ఈ బాధ లేదు. పంతొమ్మిదేళ్ళొచ్చినా మొహం మీద ఒక్క వెంట్రుక లేదు. రోజూ పొద్దున్నే నా చేత్తోనే దాని నాలుక మీద చుక్కలు వేస్తాను. నా పోలిక రాలేదని, ఆ దేవుడు దాన్నైనా చల్లగా చూశాడని మురిసిపోతాను. దానికి ఉన్నదల్లా పొద్దుటి పూట చిరాకు. మూతి బిగించుకుని నాతో పాటు మడుల గదికి వస్తుంది. మూడో మడికి నీళ్ళు పెట్టేదాకా పలకరించినా పలకదు.

ఆ మూడో మడిలోనే తోటకూర ఆకు వెనక నూగు లాంటిది కనిపించింది. పురుగు కాదు, బూజు కాదు. చూడాలి.

అశ్విని కార్తె, శుక్రవారం

కామెర్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. నాకు కామెర్లు లేవు. ఇక్కడున్న వాళ్ళెవరికీ లేవు.

దీనంతటికీ మూలం మా పక్కగది ఆదెమ్మ పిన్ని. వాళ్ళ అమ్మమ్మ కాలంలో పసిపిల్లలకు శనగపిండి ముద్ద వెన్నతో తడిపి మొహానికి రుద్దేవారట, జన్మలో వెంట్రుక రాకుండా. పెద్దవాళ్ళయితే పసుపు. వారం వారం పట్టిస్తే వేళ్ళతో సహా చచ్చి ఊరుకుంటాయని పిన్ని నిన్న నీళ్ళ వరసలో నిలబడి చెప్పింది.

"ఆ మండే లేపనాలు మీకెందుకే? పసుపు రాసుకోండి. శుక్రవారం పూట లక్ష్మీకళ కూడా ఉంటుంది" అంది.

మా వరస వరసంతా రాసుకున్నాం. కాస్తా కూస్తా కాదు, ఎవరిది ముందు నశిస్తుందో చూద్దామన్నట్టు రాసుకున్నాం. కడిగినా రంగు దిగలేదు. సంబరంగా ద్వారం ముందుకెళ్తే అది మా మొహాలు చూసి 'కామెర్లు. అంటువ్యాధి. కదలకండి' అంది. అటూ ఇటూ తలుపులు పడ్డాయి. ముసుగులేసుకున్న వాళ్ళొచ్చి పశువుల్ని తోలినట్టు తోలుకొచ్చి ఇక్కడ పడేశారు. అది పసుపు బాబూ అని ఎంత మొత్తుకున్నా దున్నపోతు మీద వాన. ద్వారం చెప్పాక మనుషుల మాట చెల్లదు.

పిన్ని ఒక మూల కూర్చుని "లక్ష్మీదేవిని కూడా ఇక్కడికే తోలేవాళ్ళే తల్లీ" అంది. నవ్వొచ్చింది. ఒళ్ళు మండి కూడా నవ్వొచ్చింది.

అశ్విని కార్తె, సోమవారం

ఇక్కడ దారం లేదు, బ్లేడు లేదు, పాకం లేదు. అందరికీ గడ్డాలు వచ్చేశాయి.

మొదటి రోజు కొంగులు కప్పుకున్నాం. రెండో రోజు వంటశాల వరలక్ష్మి గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఇవాళ పిన్ని కొంగు తీసి అవతల పడేసింది. తెల్లటి గడ్డం, నిమిరితే పట్టు. "ఉడకపోస్తుందే, ఇంక ఎవరికోసం కప్పుకోను" అంది. ఒక్కొక్కళ్ళం తీసేశాం. ఇన్నేళ్ళుగా అద్దంలాంటి మొహం అని నేను పొగిడిన ప్రతి మనిషికీ నాకంటే ఒత్తుగా ఉంది. ఇంతమందిమి ఒకే రోగాన్ని తలా ఒక గదిలో దాచుకుని చచ్చామా అని నాకు కడుపు రగిలిపోయింది.

నర్సు మార్తమ్మ మాకు పరీక్షలు చేసింది. కామెర్లు లేవని ఆమెకూ తెలుసు, కాయితం రావాలంతే. మంచి మనిషి, దాపరికం లేదు. గీసుకుంటే ముదురుతుందా అని వరలక్ష్మి అడిగితే, "అదంతా ఉత్తదమ్మా. కొన మొద్దుబారి గరుగ్గా తగులుద్ది, అంతే. మీరు చెడిపోయేది గీసుకోబట్టి కాదు, ఆ తెల్ల లేపనం పూసుకోబట్టి" అంది.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"మీ బాధ సరే. నాకు వయసు పిల్లల్ని చూస్తే భయంగా ఉంది. చుక్కలు మింగట్లేదు ఎదవలు. తల్లి ఎదురుగా నోట్లో వేయించుకుని, మూతి మూసుకుని పోయి ఎక్కడో ఉమ్మేస్తున్నారు. గడ్డం రాకూడదంట. రోహిణిలో కరెంటు తగ్గి గొట్టాల్లో చలిగాలి ఆగిందంటే ఈ పిల్లల్ని నేనేం చేసుకోను?"

అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. మూతి బిగించుకుని నడిచే పిల్ల ఎవరో నాకు తెలుసు. ఆ మూతి తెరుచుకునే చోటు కూడా తెలుసు.

భరణి కార్తె, బుధవారం

వదిలిపెట్టారు. నిన్న పొద్దున హైమ నాలుక మీద చుక్కలు వేసి, ఏమీ ఎరగనట్టు దాని వెనకే నడిచాను. అది మూడో మడి దగ్గర వంగి, నీళ్ళ కాలువలో ఉమ్మింది. తర్వాత "ఇవాళ ఎండ మండిపోతోంది కదమ్మా" అంటూ నా వైపు తిరిగింది. నా మొహం చూశాక దొరికిపోయానని దానికి తెలిసింది.

కొట్టాను. రాయడానికి సిగ్గేమీ లేదు, కొట్టాను. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఎన్నాళ్ళ నుంచే?"

"పోయిన వేసవి అయినప్పటి నుంచి. మొదటి వెంట్రుక కనిపించిన రోజు నుంచి. మానేశాక అది రాలిపోయింది."

"చచ్చిపోతావే పిచ్చిదానా. రోహిణి ముందుంది."

"చస్తే చస్తాను. నున్నగా చస్తాను." అరవలేదు, నెమ్మదిగానే అంది. "తెల్లారగట్ల నువ్వు ఆ చిన్న దీపం పెట్టుకుని గీసుకుంటావు చూడు, నేను నిద్రపోతున్నాననుకుంటావు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్కరోజు కూడా నువ్వు ఏడవకుండా అద్దం దించలేదు. నాకు ఆ బతుకొద్దు."

మడి మీదికి వంగి తోటకూర తిప్పి చూశాను. ఆకు వెనక నూగు సంగతి అప్పుడు అర్థమైంది. నా కూతురికి పట్టాల్సిన మందు తోటకూరకు పట్టింది.

కృత్తిక కార్తె, గురువారం

నేనిక గీసుకోను.

హైమతో పందెం వేశాను. "నేను ఏడుస్తున్నందుకే కదా నీకు భయం. నేను ఏడవను. గడ్డం పెంచుకుని నలుగురిలో తిరుగుతాను. నేను బతికి చూపిస్తే నువ్వు చుక్కలు మింగు" అన్నాను. అది నమ్మలేదు. "నీ వల్ల కాదులే అమ్మా" అంది. నాకు పౌరుషం ఎక్కువని దానికి ఇంకా తెలియదు.

నాలుగు రోజులకే మొహం గుబురెక్కింది. శేషు కంచం ముందు కూర్చుని తల పైకెత్తడు.

"నలుగురూ ఏమనుకుంటారు తాయారూ" అన్నాడు చివరికి.

"నలుగురికీ ఉన్నదే నాకూ ఉంది. మీకు కొత్తేమో గానీ వాళ్ళకు కాదు."

"నాకూ కొత్త కాదు. పెళ్ళైన నెలకే తెలుసు." ఆయన మెతుకులు కెలుకుతూ అన్నాడు. "నీకు కష్టంగా ఉంటుందని తెలియనట్టు ఊరుకున్నాను."

ఇరవయ్యేళ్ళకు పైగా ఆయనకు తెలియకూడదని తెల్లారగట్ల నిద్ర మానుకున్నదాన్ని. ఆయన మంచితనానికి మొక్కాలో, ఆ చెంబెత్తి నెత్తిన కొట్టాలో తెలియలేదు.

"ఆ ద్వారం మీ ఆఫీసుదే కదా. దానికి ఆడవాళ్ళకు కూడా గడ్డం ఉంటుందని చెప్పండి" అన్నాను.

"దానికి నేర్పిన మొహాలు పాతకాలపువి. మళ్ళీ నేర్పాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఆడవాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు కదా అంటారు" అన్నాడు. నిజమే, మేమెవరం చేయలేదు. చేయాలంటే ముందు ఉందని ఒప్పుకోవాలి.

కృత్తిక కార్తె, మంగళవారం

ఆడవాళ్ళ ద్వారం నన్ను 'అయ్యా' అని పంపించేస్తోంది. ఒళ్ళు మండి, చూద్దామని మగవాళ్ళ ద్వారం ముందు నిలబడ్డాను. 'రండయ్యా' అని తెరుచుకుంది.

లోపల చల్లగా ఉంది. మా వైపు ఎప్పుడూ లేనంత చల్లగా ఉంది. కుళాయి తిప్పితే చల్లటి నీళ్ళొచ్చాయి. ఆఫీసులన్నీ ఇటే ఉన్నాయి కాబట్టి చలిగాలి ముందు ఇటు ఇస్తారట, మిగిలింది అటు. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, జడేసుకుని నడుస్తుంటే ఒక్క మగాడూ అడ్డం రాలేదు. ద్వారం పంపింది కదా, ఇంకెవరికి అనుమానం. అక్కడే స్నానం చేసి, కడుపునిండా నీళ్ళు తాగి, వాళ్ళందరినీ మనసారా తిట్టుకుని వచ్చాను.

ఇంటికొచ్చి చెప్తే హైమ పడీ పడీ నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నవ్వి నవ్వి నా పక్కన కూర్చుని, నా గడ్డం మీద వేళ్ళతో నిమిరింది.

"మెత్తగానే ఉందే" అంది.

తర్వాత సీసా తెచ్చి నా చేతిలో పెట్టి నోరు తెరిచింది. వేశాను. మింగి, నాలుక చాపి చూపించింది, చిన్నప్పుడు మాత్ర మింగి చూపించినట్టు. మండలం ఎప్పటికి నిండుతుందా అని వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. రోహిణి ముందే వచ్చేస్తుంది.

అయినా మింగింది. అది చాలు ఇవాళ్టికి.

రోహిణి కార్తె, ఆదివారం

రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. ఇప్పుడు గోడలు పగులుతున్నాయి.

హైమకు చుబుకం కింద వెంట్రుకలు వచ్చాయి. లెక్కపెడితే నాలుగు. పొద్దున అద్దం తెచ్చి నా మొహం పక్కన దాని మొహం పెట్టింది. "ఇదిగో అమ్మా, నీ పోలిక వచ్చింది" అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు, పందెం కదా. ద్వారం ఆ నాలుగింటిని ఇంకా పట్టించుకోవడం లేదు. 'రండమ్మా' అంటోందట.

మార్తమ్మ చుక్కలు మానిన పిల్లలందరినీ పై అంతస్తు ఆసుపత్రిలో పడుకోబెట్టుకుంటానని కబురు పంపింది. హైమను వెళ్ళమన్నాను. "నేను వేసుకుంటున్నాను కదమ్మా. మడులు ఎవరు చూస్తారు" అంది. ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు.

రోహిణి కార్తె, గురువారం

ఇది రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

నిన్న మధ్యాహ్నం కరెంటు తగ్గింది. మగవాళ్ళ వైపూ ఆసుపత్రిలోనూ తప్ప అన్నిచోట్లా చలిగాలి ఆగింది. మడుల గదిలో దీపాలు ఆరాయి, నీటి మోటారు ఆగింది. చూస్తుండగానే గోంగూర తలలు వాల్చేసింది. నీళ్ళు కావాలి. కుళాయిలు ఆడవాళ్ళ వైపు ఉన్నాయి. ద్వారానికి మాత్రం కరెంటు ఉంది, దానికెప్పుడూ ఉంటుంది. మధ్యాహ్నం పూట కాబట్టి వరలక్ష్మిని, పిన్నిని, ఎవరెళ్తే వాళ్ళని 'అయ్యా' అని వెనక్కి కొట్టింది. నా సంగతి చెప్పక్కర్లేదు. మగవాళ్ళ వైపు నుంచి తెస్తానని నేను బిందె అందుకున్నాను.

"అంతదూరం ఎందుకమ్మా. నా మొహం ఒక్కటే ఒప్పుకుంటుంది కదా, నేను తెస్తాను" అంది హైమ.

ఒక బిందె తెచ్చి మూడో మడిలో పోసింది. మొహం కందిపోయి ఉంది. చాల్లే, కూర్చో అన్నాను. ఇంకొక్కటి అని వెళ్ళింది. ఎంతకీ రాలేదు.

ద్వారం దగ్గరికి పరిగెత్తాను. తలుపు మీద చెయ్యి పెడితే పెనంలా కాలింది. పేరు పెట్టి అరిచాను. లోపల నీళ్ళు పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

'క్షమించండి అయ్యా, ఇది మహిళల వైపు.'

"నా కూతురుంది లోపల" అన్నాను యంత్రంతో. 'క్షమించండి అయ్యా' అంది. కాళ్ళతో తన్నాను, తల బాదుకున్నాను. పిన్ని, వరలక్ష్మి, అందరూ భుజాలు వేసి నెట్టారు. ఇనుప తలుపు అది. కదల్లేదు. మేమందరం ఆడవాళ్ళమే, అందరికీ పిల్లలున్నారు, ఒక్కరికి కూడా ఆ తలుపు దృష్టిలో అమ్మ మొహం లేదు.

శేషు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చేత్తో తీయడం పైవాళ్ళ దగ్గరుంది. అడిగాను. అనుమతి పంపిస్తామన్నారు" అన్నాడు రొప్పుతూ.

"ఎప్పుడు?"

ఆయన నా మొహం వైపు చూశాడు. తర్వాత జేబులోంచి తన క్షవరం కత్తి తీశాడు. వస్తూ వస్తూ ఇంట్లోంచి తెచ్చుకున్నాడు. తలుపుల ఆఫీసు మనిషికి తలుపు తీయడానికి తోచిన దారి అదొక్కటే.

"కూర్చో" అన్నాడు.

నీళ్ళు లేవు, సబ్బు లేదు. నడవాలో, అందరి ముందు, ఆయన నా చుబుకం పట్టుకుని గీయడం మొదలుపెట్టాడు. "కదలకు తాయారూ, తెగుతుంది" అంటున్నాడు. తెగితే తెగనీ అన్నాను. తెగింది. పిన్ని కొంగుతో రక్తం ఒత్తుతూ నిలబడింది. ఒకసారి ద్వారం ముందు నిలబడితే ఇంకా 'అయ్యా' అంది. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ గీశాడు. ఆ కాసేపూ నాకు ఒక జన్మంత అనిపించింది.

'రండమ్మా' అని తెరుచుకుంది.

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. పక్కనే గోడకి చేరబడి కూర్చుని ఉంది నా తల్లి. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచి నా మొహం చూసింది. గుర్తుపట్టిందని అనుకుంటున్నాను. "గీసేసుకున్నావా" అంది. అంతే.

పొర్లుతున్న నీళ్ళన్నీ ఒంటి మీద పోశాం. మార్తమ్మ దగ్గరికి మోసుకెళ్ళాం. ఆమె చేయగలిగినదంతా చేసింది. ఆసుపత్రిలో ముందే చేరిన పిల్లలందరూ బతికారు. హైమ పొద్దుగూకే వేళకు పోయింది.

తలుపు తీయడానికి అనుమతి ఇవాళ పొద్దున వచ్చింది.

రోహిణి కార్తె, అదే రోజు

ఇంట్లోనే స్నానం చేయించాం. వేడిని బట్టి ఎక్కువసేపు ఉంచడానికి లేదు.

వచ్చిన ఆడవాళ్ళందరూ నా మొహం వైపు చూడకుండా, దాని మొహం చూసి ఏడ్చారు. "ఎంత నున్నటి మొహమమ్మా, చందమామ తునక" అని ఎవరో అన్నారు. ఆ మాటకే నా బిడ్డ పోయింది. ఇప్పుడు కూడా అదే మాట. అందరినీ బయటికి గెంటేయాలనిపించింది. ఓపిక లేక ఊరుకున్నాను.

ఆదెమ్మ పిన్ని పసుపు కలిపింది. పట్టించబోతూ చుబుకం కింద వేలితో తడిమి ఆగింది. తర్వాత రొంటిన దోపుకున్న దారం తీసి, ఒక కొస పళ్ళతో పట్టుకుంది. చెడ్డ బుద్ధితో కాదు. హైమకు పుట్టినప్పుడు శనగపిండితో నలుగు పెట్టింది కూడా ఆమే.

"నాలుగే ఉన్నాయే. లాగేస్తాను. బిడ్డను శుభ్రంగా సాగనంపుదాం" అంది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ముట్టుకోకు పిన్నీ. అవి నా పోలిక."

పిన్ని నోట్లోంచి దారం జారిపోయింది. ఆ నాలుగూ అలాగే ఉండగా పసుపు రాసి, బొట్టు పెట్టాం. శేషు గుమ్మంలో గోడకేసి తల ఆనించుకుని నిలబడ్డాడు. ఆయన్ని ఓదార్చడం నా వల్ల కాలేదు.

మృగశిర కార్తె, సోమవారం

నీళ్ళు: కరెంటు వచ్చాక మామూలే. వేడి: తగ్గింది. ఆకు: ఒక్క మడిలోనే.

ఇన్నాళ్ళకు నా నమోదు ఎవరో చదివారు. పై అంతస్తు నుంచి కాయితం వచ్చింది. 'రోహిణి కార్తెలో కట్టడంలోని ఆకుమడులన్నీ ఎండిపోగా మీ గదిలో మూడో మడి మాత్రం తట్టుకుని నిలిచింది. మీ శ్రద్ధకు అభినందనలు. ఆ మడికి ఏ ఎరువు వాడారో తెలపగలరు. ఆకు కోసి పరీక్షకు పంపగలరు.'

వాళ్ళకు కావలసిన మూడు ముక్కలే చదివారు. మిగతాది పొట్టు.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. అది ఎరువు కాదు, చలవ చుక్కలు. ఏడాది పాటు ప్రతిరోజూ పొద్దున్నే నేను నా కూతురి నోట్లో వేశాను, అది తెచ్చి మీ తోటకూరకు పోసింది. మీ ద్వారం తనను అయ్యా అంటుందని భయపడి పోసింది. దాని పేరు హైమ. ఇది యంత్రం చెరిగేస్తే మనిషిని పంపండి, మొహం మీదే చెప్తాను.

నా గడ్డం మళ్ళీ వస్తోంది. తెగిన చోట్ల రావడం లేదు, అక్కడ మచ్చలు పడ్డాయి. నిన్న నీళ్ళ వరసలో వరలక్ష్మి గీసుకోకుండా వచ్చి నా వెనక నిలబడింది. ఆమె వెనక పిన్ని. ద్వారం మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని అయ్యా అంది. మేం పక్కకు జరగలేదు. మా వెనక వరస ఆగిపోయింది. శేషును పిలిపించారు. ఆయన వచ్చి చూసి, మాతో పాటు వరసలో నిలబడ్డాడు.

ఇవాళ గోంగూర మడి పీకి శుభ్రం చేశాను. బచ్చలి మడి కూడా. మూడో మడిలో తోటకూర మోకాలెత్తు పెరిగింది. ఆకు తిప్పి, వెనకవైపు నూగు మీద వేలు పెట్టి చూశాను. మెత్తగా ఉంది. ఈ మడి నేను కోయను, ఎవరినీ కోయనివ్వను.